సీలింగ్ ఫ్యాను వేగం ఎందుకు తగ్గుతుంది?

రెగ్యులేటరు 5లో ఉన్నా ఫ్యాను నెమ్మదిగానే తిరుగుతోందని, మోటారు మార్చాలా అని అడిగారు. చాలా సందర్భాలలో మోటారు బాగానే ఉంటుంది. లోపం కెపాసిటరులో ఉంటుంది.

సాధారణ ఫ్యానులో రెండు వైండింగులు (రాగి తీగ చుట్టలు) ఉంటాయి. వాటిలో ఒకదాని కరెంటును రెండవదానికంటే కాస్త ముందుకు జరిపి, తిరిగే అయస్కాంత క్షేత్రం ఏర్పడేలా చేసేది కెపాసిటరే. ఏళ్ల తరబడి వేడికి, వోల్టేజి హెచ్చుతగ్గులకు దాని సామర్థ్యం తగ్గినకొద్దీ ఆ క్షేత్రం బలహీనపడి వేగం పడిపోతుంది. పూర్తిగా పాడైతే ఫ్యాను మూలుగుతూ నిలిచిపోయి, రెక్కను తోస్తే గాని కదలదు. అయితే ఇంట్లోని ఫ్యానులన్నీ ఒకేసారి మందగిస్తే అది తక్కువ వోల్టేజి. స్విచ్ఛాఫ్ చేశాక రెక్కలు చేతికి బిగుతుగా తగిలితే బేరింగులు అరిగినట్టు.

కొత్త కెపాసిటరు పాతదానిపై ముద్రించిన విలువలోనే, అంటే ఎక్కువ ఫ్యానులకు 2.5 మైక్రోఫారడ్లే, కొనండి. వేగం పెరుగుతుందని పెద్ద విలువది వేయించుకునేవారు ఉన్నారు. దానివల్ల వైండింగు వేడెక్కి కాలిపోవచ్చు కనుక దయచేసి అలా చేయవద్దు. గోడ స్విచ్ ఒక్కటే ఆపి పని మొదలుపెట్టకండి. వైరింగులో ఫేజు, న్యూట్రల్ తారుమారై ఉంటే స్విచ్ ఆపినా ఫ్యానులో కరెంటు ఉంటుంది. అందుకే మెయిన్ ఆపాలి. ఎలాగూ స్టూలెక్కారు కాబట్టి రాడ్డు బోల్టులకు స్ప్లిట్ పిన్నులు ఉన్నాయో లేదో చూడండి, ఎందుకంటే నట్టు వదులైనప్పుడు బోల్టు జారిపోకుండా ఆపేవి అవే.

బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యానులకు ఈ కెపాసిటరు వివరణ వర్తించదు. వాటి వేగాన్ని ఎలక్ట్రానిక్ సర్క్యూటు నడుపుతుంది.