అప్రిసిటీ అన్న ముసలమ్మ ఎవరు?

చిరంజీవికి ఆశీస్సులు.

పాత ఇంగ్లిష్ మాటల మీద నువ్వు రాసిన వ్యాసాలు అందాయి. మూడోదాని దగ్గర ఒళ్ళు మండింది. అందుకే ఇంత త్వరగా జవాబు.

"పూర్వం ఇంగ్లండ్ పల్లెల్లో ముసలమ్మలు చలికాలం గుమ్మంలో కూర్చుని, ఒంటికి తగిలే ఎండని అప్రిసిటీ అనుకుంటూ మురిసిపోయేవారు" అని రాశావు. ఎవరమ్మా ఆ ముసలమ్మ? ఏ ఊరు? ఆ మాట 1623లో హెన్రీ కాకరమ్ వేసిన నిఘంటువులో ఉంది. అర్థం నువ్వు చెప్పిందే, చలికాలపు ఎండ వెచ్చదనం. కానీ అది పల్లె మాటలు ఏరి కూర్చిన పుస్తకం కాదు, కఠిన పదాలకి అర్థాలు చెప్పే పుస్తకం. అందులో ఒక భాగం మరీ తమాషా. మామూలు మాట ఇచ్చి, నలుగురిలో గొప్పగా కనబడాలంటే దాని బదులు ఏ మాట వాడాలో చెబుతుంది. లాటిన్ మాటకి ఇంగ్లిష్ తోక తగిలించడం అప్పటి చదువుకున్నవాళ్ళ సరదా. అప్రిసిటీ కూడా ఆ బాపతే. చలికి వణికే ముసలమ్మకి లాటిన్ ఎందుకొస్తుంది?

తేదీ లేని కథని నేను నమ్మను. ఎవరు, ఏ సంవత్సరం, ఏ వాక్యంలో వాడారు? ఇది తేలాకే మిగతా ముచ్చట. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు అలాగే తయారైంది. ఊరూరా పాఠకులు పుస్తకాలు చదివి, మాట వాడిన వాక్యం, సంవత్సరం, పేజీ చీటీల మీద రాసి పంపేవారు. దాని సంపాదకుడు జేమ్స్ మర్రే తన తోటలో వేసుకున్న రేకుల షెడ్డులో కూర్చుని వాటిని అరల్లో సర్దించేవాడు. మొదటి భాగం 1884లో వచ్చింది, చివరిది 1928లో. 1915లోనే పోయిన మర్రే ఆఖరి అక్షరం చూడలేదు. అన్ని చీటీల మధ్య 'బాండ్‌మెయిడ్' అనే మాట చీటీలు ఎక్కడో పడిపోయి, ఆ మాటే అచ్చులోకి రాలేదు. చీటీ లేకపోతే మాటే లేదు. అదీ పద్ధతి!

నువ్వేమో దర్జా అనే అర్థమున్న 'పోష్' మాట 'పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్' మొదటి అక్షరాలని, అంటే ఇండియాకి వెళ్ళేటప్పుడు ఓడలో ఎడమవైపు, వచ్చేటప్పుడు కుడివైపు నీడ గదులని రాసేశావు. మన దేశం పేరు వచ్చేసరికి మనకి కథ మరీ ముద్దొస్తుంది. ఆ అక్షరాలు కొట్టిన టికెట్ ఒక్కటీ ఎవరికీ దొరకలేదు. రోమా (జిప్సీ) జనం భాషలో 'పోష్' అంటే సగం. అది దొంగల మాటల్లో చిల్లర డబ్బుకి పేరైంది, అక్కడినుంచి వచ్చిందేమోనని ఒక ఊహ. 'న్యూస్' నాలుగు దిక్కుల మొదటి అక్షరాలట! 'న్యూ'కి బహువచనం, అంతే. అక్షరాలు కూడేసి మాట చెయ్యడం ఇరవయ్యో శతాబ్దానికి ముందు చాలా అరుదు. అలాంటి మాటలకి పేరైన 'అక్రోనిమ్' అనే మాటే 1940లలో వాడుకలోకి వచ్చింది.

నిన్నొక్కదాన్నే అని ఏం లాభం? ఈ 'మీకు తెలుసా' బాక్సులు మొదలైనప్పటినుంచీ ఇదే తంతు. నేను ప్రూఫులు దిద్దుకుంటూ బతికే రోజుల్లో ఒక వారపత్రికకి మాటల శీర్షిక రాసేవాణ్ణి. సంపాదకుడు వచ్చీరాగానే సంవత్సరాలన్నీ కొట్టేసేవాడు. "అంకెలుంటే ఆడవాళ్ళు చదవరండీ" అనేవాడు. వాళ్ళావిడ లెక్కల టీచరు! ఇంగ్లిష్‌వాళ్ళ 'బాండికూట్' మన పందికొక్కే, తెలుగులోంచి వెళ్ళి ఆస్ట్రేలియాలో ఇంకో జంతువుకి కూడా పేరైందని ఎంతో సంబరంగా రాశాను. పాఠకుడు కాఫీ తాగే వేళకి పందికొక్కేమిటని తీసి పారేశాడు. దాని స్థానంలో ఏం వేశాడనుకున్నావు? నాలుగు దిక్కుల న్యూస్.

'డోర్డ్' వ్యాసం బాగుంది. 1931లో 'డెన్సిటీ'కి పొడి అక్షరంగా 'పెద్ద డి లేదా చిన్న డి' (D or d) అని రాసిన చీటీని అంతా కలిపి 'డోర్డ్' అని ఒకే మాటగా చదివేసి, 1934 వెబ్‌స్టర్ నిఘంటువులో అచ్చేశారని సరిగ్గానే చెప్పావు. అది ఎలా దొరికిందో మాత్రం వదిలేశావు. ఆ మాటకి పుట్టుక వివరం లేదే అని 1939లో ఒక సంపాదకుడికి అనుమానం వచ్చింది. (సంపాదకుల్లోనూ మంచివాళ్ళుంటారు, అమెరికాలో.) ఆ వాక్యం చేర్చు.

తర్వాత 'న' జారిపోయిన మాటలు పట్టుకో. పాముని 'నాడర్' అనేవారు, ముందున్న 'ఎ' ఆ 'న'ని లాక్కుని 'యాన్ యాడర్' చేసింది. ఏప్రన్, అంపైర్ కూడా అంతే. 'నిక్‌నేమ్'లో తిరకాసు, అక్కడ 'న' వచ్చి చేరింది. ఆరెంజ్‌ని మాత్రం ఈ వరసలో కలపకు, చాలామంది కలిపేస్తారు. దాని 'న' ఇంగ్లిష్‌కి రాకముందే పోయింది. మన నారింజలో భద్రంగా ఉంది. రాశాక ముందు నాకు పంపు, పత్రికకి వద్దు. వాళ్ళు 'న' కథ కోసేసి పండు బొమ్మ వేస్తారు.