గ్యాసూ కరెంటూ సరే, గాలి మాటేమిటి?

"విజయనగరంలో ఇల్లు కడుతున్నాం. లండన్‌లో మా అబ్బాయి వాళ్లింట్లో ఉన్నలాంటి కాంబి బాయిలర్ పెట్టించాలంటే గ్యాస్ లైను, కరెంటు పాయింటు ఎలా ఉండాలి?" అని ఒకరు అడిగారు.

అక్కడ ఆ బాయిలర్ స్నానానికి నీళ్లు కాచడంతో పాటు గదుల్లో రేడియేటర్లనీ వేడి చేస్తుంది. అందుకే మామూలుగా 24 కిలోవాట్ల దగ్గర మొదలవుతుంది. కరెంటు తక్కువే తింటుంది. ఫ్యాను, పంపు, బోర్డు కలిపి వంద వాట్ల చుట్టుపక్కల, 3 ఆంపియర్ల ఫ్యూజు పాయింటు చాలు. చిక్కంతా గ్యాసుతోనే. గ్యాసు ఒత్తిడి పైపు గ్యాసయితే 20 మిల్లీబార్లు, సిలిండరు ప్రొపేన్ అయితే 37 ఉండాలి. మన వంటింటి రెగ్యులేటర్ ఇచ్చేది సుమారు 30. పైగా 24 కిలోవాట్లకి గంటకి దాదాపు రెండు కిలోల గ్యాసు కావాలి. 14.2 కిలోల సిలిండరు ఒక్కటీ అంత జోరుగా ఎక్కువసేపు ఇవ్వలేదు. ఒళ్లంతా చెమట పట్టి చల్లబడిపోతుంది, మంట సన్నగిల్లుతుంది. అయినా మన చలికి రేడియేటర్లెందుకండీ!

ఆ బాయిలర్‌లో చూసి నేర్చుకోవలసింది వేరే ఉంది. మంటకి కావలసిన గాలిని బయటి నుంచే లాక్కుంటుంది, పొగనీ బయటికే నెడుతుంది. గదిలో గాలిని ముట్టుకోదు. మన బజార్లో దొరికే మామూలు గ్యాస్ గీజరు అలా కాదు.

ఆరు లీటర్ల గీజరు గంటకి 0.9 కిలో దాకా గ్యాసు కాలుస్తుంది. కిలో గ్యాసు కాలాలంటే సుమారు 12 ఘనమీటర్ల గాలి కావాలి. అయిదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తున్న బాత్‌రూంలో ఉండేది ఏడు ఘనమీటర్లు కూడా కాదు. తలుపూ వెంటిలేటరూ మూసి స్నానం చేస్తే అయిదారు నిమిషాల్లో ప్రాణవాయువు 21 శాతం నుంచి 18కి దిగుతుంది. నీలం మంట పసుపుపచ్చగా మారుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసనుండదు. తల బరువెక్కుతుంది, కాళ్లు తేలిపోతాయి, గడియ తియ్యాలని తట్టేలోపే మనిషి కూలబడిపోతాడు. ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంది కదా అంటారు. తలుపు కింద సందయినా లేకపోతే ఆ ఫ్యాను దేన్ని లాగుతుంది?

కాబట్టి గీజరు బాత్‌రూంలో వద్దే వద్దు. బయటి గోడకి, సన్‌షేడ్ కింద పెట్టించి, వేణ్ణీళ్ల పైపు మాత్రం లోపలికి తెచ్చుకోండి. గాలి నేరుగా కొట్టే వైపు కాకుండా చూడండి, మంట ఆరిపోతుంది. ట్యాంకులో నీటిమట్టం గీజరుకి కనీసం రెండు మీటర్ల పైన ఉండాలి, లేకపోతే స్పార్కే రాదు. సిలిండరు విడిగా, నిలువుగా, నేలమట్టం మీద ఉండాలి. వంటింటి ట్యూబుకి టీ-జాయింటు వేసి లాగడం, రబ్బరు ట్యూబుని గోడలోంచి దూర్చడం ఒప్పుకోకండి. ఐఎస్ఐ ముద్రున్న ట్యూబే కొని, అయిదేళ్లకి మార్చేయండి. జాయింట్లకి సబ్బు నురగ రాసి చూడాలి. లీకయితే 1906కి ఫోన్ చేయండి.

ఈ గ్యాస్ గీజరుకి కరెంటంటే రెండు పెద్ద బ్యాటరీలు, అంతే. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు లండన్ బాయిలర్ గోడకి అలంకారం.

కరెంటు గీజరే అనుకుంటే 2 కిలోవాట్లది 9 ఆంపియర్లు, 3 కిలోవాట్లది 13 ఆంపియర్లు లాగుతుంది. మీటరు బోర్డు నుంచి విడి లైను, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ (దూరం ఎక్కువయితే 4), 16 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే సప్లై ఆపేసే స్విచ్చి), 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే సప్లై ఆపేసే స్విచ్చి) కావాలి. మంజూరైన లోడు చాలకపోతే కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్‌లో పెంచుకోండి. కొత్త అపార్టుమెంట్లలో టైల్సుకి లక్షలు పోసి, బాత్‌రూంలో 6 ఆంపియర్ల సాకెట్టు బిగించే బిల్డర్లని ఏమనాలో!

అసలు దగా ఎర్తింగులో. సాకెట్టు వెనక న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) నుంచి ఎర్త్ పిన్నుకి చిన్న తీగ ముక్క వేసి "ఎర్త్ ఇచ్చేశాం" అంటారు. ఎప్పుడైనా న్యూట్రల్ తెగితే గీజరు ఒళ్లంతా కరెంటే. ఆ పిన్నుకి అసలు ఎర్త్ తీగ కూడా కలిసి ఉంటే, ఆర్‌సీసీబీ పెట్టి లోడు వేయగానే అది ట్రిప్పయిపోతుంది. అప్పుడు ఎలక్ట్రీషియన్ "ఈ పీసు బాగోలేదండి" అని దాన్నే పీకేస్తాడు. పీకనివ్వకండి. సప్లై ఆపించి, సాకెట్టు విప్పించి, ఆ ముక్క తీయించి, అసలు ఎర్త్ తీగే కలిపించండి.