మత్తులో పిల్లలకి ఆక్సిజన్ తగ్గుతుందా, జలుబు సంగతి డాక్టర్‌కి చెప్పాలా?

మీరు అడిగినవి రెండు. నాలుగేళ్ల పాపకి అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) తీసేటప్పుడు మత్తులో ఆక్సిజన్ పడిపోయి మెదడుకి ఏమైనా అవుతుందా అన్నది ఒకటి. పోయిన వారం జ్వరం, జలుబు వచ్చాయి, చెబితే డేట్ వాయిదా వేస్తారేమో, ఊరుకుంటే ఏమవుతుంది అన్నది రెండోది. నేను హైదరాబాద్‌లో మత్తు డాక్టర్‌ని, చేసేవి ఎక్కువగా పిల్లల కేసులే. మీ రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్పేస్తాను: చెప్పండి. దాచకండి. మొదటి ప్రశ్నకి జవాబు కూడా చాలావరకు అందులోనే ఉంది.

చంటిపిల్లల ఒంట్లో కిలో బరువుకి ఖర్చయ్యే ఆక్సిజన్ పెద్దవాళ్ల కంటే దాదాపు రెట్టింపు. మీ పాప వయసుకి అంత ఉండదు గానీ పెద్దవాళ్ల కంటే ఎక్కువే. పైగా పిల్లల పక్కటెముకలు మెత్తగా ఉంటాయి కాబట్టి మత్తులో ఊపిరితిత్తులు కొంత ముడుచుకుంటాయి, లోపల గాలి నిల్వ తగ్గుతుంది. మేడ మీద చిన్న ట్యాంకు, కింద అన్ని కుళాయిలూ తిప్పేసిన ఇల్లు అనుకోండి. మోటారు ఆగితే ఎంతసేపు వస్తుంది? ముందుగా స్వచ్ఛమైన ఆక్సిజన్ పట్టించి ఉంచితే, ఊపిరి ఆగిన తర్వాత సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 90కి దిగడానికి ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. మీ పాప వయసు పిల్లలకి రెండున్నర, మూడు నిమిషాలు. నెలల బిడ్డలకి రెండు నిమిషాలు కూడా ఉండదు. 90కి వచ్చిందంటే మెదడుకి దెబ్బ తగిలినట్టు కాదు, కంగారు పడకండి. కానీ 90 దాటి కిందికి వెళ్లాక అంకె చాలా వేగంగా జారుతుంది. అందుకే పిల్లల కేసుల్లో మా పనంతా అంకె పడకముందే జరగాలి.

కోవిడ్ పుణ్యమా అని పల్స్ ఆక్సీమీటర్ అందరికీ తెలిసిపోయింది. 1974లో జపాన్‌లో తకువో అయోయగి కనిపెట్టిన సూత్రం మీదే అది ఇప్పటికీ నడుస్తోంది. ఓటీలో (ఆపరేషన్ గదిలో) దాని బీప్ శబ్దమే మాకు ఆధారం: సాచురేషన్ తగ్గేకొద్దీ స్వరం దిగుతుంది, చూపు పిల్ల మీద ఉన్నా చెవి పట్టేస్తుంది. అయితే ఊపిరి ఆగిన కబురు దానికి ఆలస్యంగా చేరుతుంది. ముందు చెప్పేది కాప్నోగ్రాఫ్. వదిలిన గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ని కొలిచి, ప్రతి ఊపిరికీ తెర మీద ఒక గుట్ట గీస్తుంది. గుట్టలు ఆగితే గాలి ఆడటం లేదని అర్థం, సాచురేషన్ 99 చూపిస్తున్నా సరే.

ఒక బాబు కేసు చెబుతాను. టాన్సిల్స్ ఆపరేషన్. పీఏసీలో, అంటే మత్తుకి ముందు చేసే పరీక్షలో అడిగితే జలుబూ దగ్గూ ఏం లేవన్నారు. ఆపరేషన్ బాగానే అయింది. ఊపిరి కోసం గొంతులో పెట్టిన ట్యూబ్ తీశాక గొంతు బిగుసుకుంది, దీన్ని లారింగోస్పాజం అంటాం. ఛాతీ లోపలికి గుంజుకుంటోంది, గాలి చప్పుడు మాత్రం లేదు. కాప్నోగ్రాఫ్ గీత చదునైపోయింది. సాచురేషన్ అప్పటికింకా 97. మాస్క్ బిగించి పట్టి ఒత్తిడితో నూరు శాతం ఆక్సిజన్ ఇస్తూ, దవడ ముందుకి నెట్టి, కాస్త ప్రొపోఫాల్ అనే మత్తు మందు ఇచ్చేసరికి గొంతు వదులైంది. ఈలోపు అంకె 80ల్లోకి దిగి మళ్లీ పైకి వచ్చింది. బాబుకి ఏమీ కాలేదు. బయటికొస్తే వాళ్ల నాయనమ్మ, "మొన్ననే దగ్గు మందు తాగించినం మేడం, డేటు పోతదని చెప్పలే" అంది. నాకు కోపం రాలేదు. పొలం పని వదిలి, బస్సెక్కి పట్నం వచ్చినవాళ్లు, మళ్లీ రావడమంటే మాటలా? కానీ ముందే తెలిస్తే ఆ రోజు ఆ బాబుకి మత్తు ఇచ్చేదాన్నే కాదు.

జలుబు తగ్గినట్టు కనిపించినా శ్వాసనాళాల్లో మంట కొన్ని వారాలు ఉంటుంది. చిన్నగా కదిలించినా బిగుసుకుంటాయి. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతుంటే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఈ ప్రశ్నకి నాన్నలు తల దించుకుంటారు, "బాల్కనీలోనే మేడం" అంటారు. బాల్కనీ అయినా చెప్పండి. ఉబ్బసం, పిల్లికూతలు, నిద్రలో గురక పెడుతూ ఊపిరి ఆగడం, కదిలే పళ్లు, నెలలు నిండక పుట్టడం కూడా చెప్పాల్సినవే.

మా హైదరాబాద్‌కి మత్తు విషయంలో పాత చరిత్ర ఉంది. 1888, 1889ల్లో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు పెట్టగా, ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ అప్పటి మత్తు మందు క్లోరోఫాం మీద ఇక్కడే రెండు పరిశోధన కమిషన్లు నడిపాడు. నాడిని కాదు, ఊపిరిని చూడండి అన్నది ఆయన పట్టు. క్లోరోఫాం గుండెని నేరుగా ఆపదన్న ఆయన వాదన తర్వాత తప్పని తేలింది. ఊపిరి మీద కన్నుంచమన్నది మాత్రం పిల్లల విషయంలో ఇవాళ్టికీ సరైనదే. పిల్లల గుండె వేగం తగ్గితే మేం ముందు అనుమానించేది ఆక్సిజన్‌నే.

ఆసుపత్రి వాళ్లని మొహమాటం లేకుండా రెండు అడగండి: ఓటీలో కాప్నోగ్రాఫ్ ఉందా, మత్తు డాక్టర్ మొదటి నుంచి పాపకి మెలకువ వచ్చేదాకా పక్కనే ఉంటారా. చిన్న నర్సింగ్ హోమ్ అయితే తప్పకుండా అడగాలి. విసుక్కుంటే అదీ ఒక జవాబే.

కడుపు ఖాళీ సంగతి: అన్నం, పాలు 6 గంటల ముందు ఆపాలి. మంచినీళ్లు 2 గంటల ముందు వరకు ఇవ్వచ్చు, రాత్రంతా పిల్లని ఎండబెట్టక్కర్లేదు. గోళ్ల రంగు తీసేయండి. ఆపరేషన్ అయ్యాక మందుల షాపులో కోడీన్ ఉన్న సిరప్ మాత్రం కొనకండి. కొందరు పిల్లల్లో అది ఊపిరిని మందగింపజేస్తుంది. టాన్సిల్స్, అడినాయిడ్స్ తీసిన పిల్లలకి నొప్పి కోసం వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లోనే చెప్పింది.

ఇక డేట్. అడినాయిడ్స్ ఉన్న పిల్లలకి ముక్కు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది, అది పూర్తిగా ఆగేదాకా అంటే ఆపరేషనే జరగదు. జ్వరం, పచ్చటి చీమిడి, కఫంతో దగ్గు, పిల్లికూతలు ఉంటే మాత్రం నేనైతే తగ్గాక కనీసం రెండు వారాలు ఆగుతాను. మీ పాపకి జ్వరం వచ్చింది పోయిన వారమే కాబట్టి వాయిదాకే అవకాశం ఎక్కువ. తుది మాట ఛాతీ విన్న డాక్టర్‌దే. ఆపరేషన్ రోజు పొద్దున ఓటీ గేటు దగ్గర కాకుండా రేపే ఫోన్ చేసి చెప్పండి, అప్పుడైతే ఆ స్లాట్ ఇంకో పిల్లకి ఇచ్చి మీకు కొత్త డేట్ వెంటనే చూస్తారు.