రెండు అణుబాంబులు వేసిన అమెరికాతో జపాన్ అంత స్నేహంగా ఎలా ఉంటోంది? వాళ్ళకి కోపం రాలేదా?

వచ్చిందండీ. బాగా వచ్చింది. ఆ కబురు మనదాకా రాలేదంతే. మన స్కూలు పుస్తకాల్లో జపాన్ కథ హిరోషిమా దగ్గర ఆగిపోయి మళ్ళీ సోనీ, టయోటా, బుల్లెట్ ట్రైన్ దగ్గర మొదలవుతుంది, మధ్యలో పదిహేనిరవై ఏళ్ళు ఏం జరిగిందో ఎవరూ చెప్పరు, మీరడిగినదానికి జవాబంతా ఆ మధ్యలోనే ఉంది. నేను ఉద్యోగం మీద వచ్చి కనగావాలో ఉంటున్నాను, టోక్యోకి ఆనుకునే ఉంటుంది. ఇక్కడే యొకొసుకాలో అమెరికా నేవీ బేస్, అత్సుగి అనే ఎయిర్ బేస్ ఉన్నాయి కాబట్టి ఈ విషయం ఇక్కడి జనం నోట్లో ఇప్పటికీ నలుగుతూనే ఉంటుంది. వాళ్ళ దగ్గర విన్నదీ, తర్వాత చదువుకున్నదీ కలిపి రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది.

మొదటి ఏడేళ్ళు అసలు కోపం చూపించడానికే వీల్లేదు. 1945 సెప్టెంబర్‌లో లొంగుబాటు సంతకాలయ్యాక 1952 ఏప్రిల్ 28 దాకా దేశం ఆక్రమణ సైన్యం చేతిలో ఉంది, అందులో ఎక్కువ కాలం దాని అధిపతి, అమెరికా జనరల్ మెకార్థర్ మాటే శాసనం. పత్రికలకి సెన్సార్. అణుబాంబు ఏం చేసిందో, బతికినవాళ్ళ ఒళ్ళు ఎలా కాలిందో రాస్తే అచ్చు కానిచ్చేవాళ్ళు కాదు. ఆ ఫోటోలు దేశమంతా మామూలు జనం చూసింది 1952 ఆగస్టులో, ఒక ఫోటోల పత్రిక వేసినప్పుడు. అంటే బాంబు పడ్డ ఏడేళ్ళకి, వాళ్ళ దేశంలో వాళ్ళకే. దీనికి తోడు ఊళ్ళన్నీ బూడిద, తిండి లేదు, బియ్యం రేషన్, బ్లాక్ మార్కెట్. పైగా ఇంకో మాట కూడా చెప్పాలి, చాలామందికి అమెరికా మీద ఎంత కోపం ఉందో తమని ఆ యుద్ధంలోకి ఈడ్చిన సొంత మిలటరీ వాళ్ళ మీదా అంత కోపం ఉంది. 1947 మే 3 నుంచి అమల్లోకొచ్చిన రాజ్యాంగంలో 9వ అధికరణం, యుద్ధం చెయ్యం, సైన్యం పెట్టుకోం అనేది, రాసింది అమెరికా వాళ్ళే అయినా జనం దాన్ని తమదిగానే పట్టుకున్నారు, ఇప్పటికీ వదల్లేదు.

ఇక స్నేహం అన్నారే, అది యొషిదా షిగెరు అనే ప్రధానమంత్రి చేసిన బేరం. 1950 జూన్‌లో కొరియా యుద్ధం మొదలైంది. అంతకుముందు జపాన్‌కి ఆయుధాలే ఉండకూడదన్న అమెరికా ఇప్పుడు తిరిగి సైన్యం పెట్టుకోమని ఒత్తిడి మొదలుపెట్టింది. యొషిదా పూర్తిగా లొంగలేదు, 75,000 మందితో పోలీసు రిజర్వు అని ఒకటి పెట్టి, అంతకుమించి మా దగ్గర డబ్బు లేదు, రాజ్యాంగం ఒప్పుకోదు, జనం ఊరుకోరు అని తప్పించుకున్నాడు. బదులుగా ఇచ్చింది స్థలం. మీ సైన్యం మా గడ్డ మీదే ఉండొచ్చు, మా కాపలా మీరు చూసుకోండి, మేం ఫ్యాక్టరీలు కట్టుకుంటాం. 1951 సెప్టెంబర్ 8న శాన్‌ఫ్రాన్సిస్కోలో 48 దేశాలతో శాంతి ఒప్పందం మీద సంతకం పెట్టాడు, అదే రోజు ఇంకోచోటికి వెళ్ళి అమెరికాతో భద్రతా ఒప్పందం మీద కూడా పెట్టాడు, ఆ రెండోదాని మీద జపాన్ తరఫున సంతకం ఆయనదొక్కడిదే.

ఆ శాంతి ఒప్పందంలో 19వ అధికరణం అని ఒకటుంది. యుద్ధంలో జరిగిన నష్టాలకి మిత్రరాజ్యాల మీద జపాన్ గానీ జపాన్ పౌరులు గానీ ఏమీ అడగరు అని. అంటే హిరోషిమాలో కాలిపోయిన మనిషికి అమెరికాని పరిహారం అడిగే దారి వాళ్ళ ప్రభుత్వమే మూసేసింది. కోపం రాలేదా అని అడిగేవాళ్ళకి నేను ముందు ఈ సంగతే చెప్తాను.

మన దేశం ఆ శాన్‌ఫ్రాన్సిస్కో సభకి వెళ్ళలేదు, తెలుసా. జపాన్‌కి దక్షిణాన ఉన్న ఒకినావా లాంటి దీవుల్ని అమెరికా తన దగ్గరే ఉంచుకోవడం, విదేశీ సైన్యం జపాన్‌లో ఉండిపోవడం, ఇవి నెహ్రూ ప్రభుత్వానికి నచ్చలేదు. విడిగా 1952 జూన్ 9న మనం శాంతి ఒప్పందం చేసుకున్నాం, నష్టపరిహారం వద్దన్నాం. ఇండియా అనగానే ఇక్కడి పెద్దవాళ్ళ ముఖాల్లో ఒక అభిమానం కనిపిస్తుంది, దానికి ఇదొక కారణం, ఇంకో కారణం 1949లో నెహ్రూ టోక్యో ఉఎనో జూకి పంపిన ఇందిర అనే ఏనుగు, యుద్ధకాలంలో అక్కడి ఏనుగులన్నీ పోయాయి మరి.

ఇక కోపం బయటపడ్డ సంగతి. 1954 మార్చి 1న అమెరికా పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవి దగ్గర హైడ్రోజన్ బాంబు పరీక్షించింది. అక్కడికి 160 కిలోమీటర్ల దూరంలో యాయిజు రేవు నుంచి వచ్చిన ట్యూనా పడవ ఒకటి వేటలో ఉంది, దాని మీద తెల్లటి బూడిద గంటల తరబడి రాలింది. 23 మంది జాలర్లూ జబ్బుపడ్డారు, రేడియో ఆపరేటర్ కుబొయామా ఐకిచి ఆ సెప్టెంబర్లో చనిపోయాడు. రేడియేషన్ తగిలిన చేపలు మార్కెట్‌కి వచ్చాయని తెలిసేసరికి దేశమంతా హడలిపోయింది, చేపలు కొనేవాళ్ళు లేరు. టోక్యోలో సుగినామి అనే పేటలో ఇళ్ళల్లో ఉండే ఆడవాళ్ళు మొదలుపెట్టిన సంతకాల ఉద్యమం మూడు కోట్లు దాటింది. అమెరికా తన తప్పేమీ ఒప్పుకోకుండానే 20 లక్షల డాలర్లిచ్చి ఫైల్ మూసింది. ఆ చెక్క పడవ ఇప్పటికీ ఉంది, టోక్యోలో యుమెనొషిమా పార్కులో దానికోసమే ఒక హాలు కట్టారు, టికెట్ లేదు. టోక్యో వచ్చే తెలుగువాళ్ళు డిస్నీల్యాండ్‌కి వెళ్ళే లైన్లోనే షిన్‌కిబాలో దిగితే నడిచి వెళ్ళిపోవచ్చు, మా చుట్టాలెవరొచ్చినా నేను తప్పకుండా తీసుకెళ్తాను. పడవ పక్కన నిలబడితేగానీ అది ఎంత చిన్నదో, ఆ మనుషులు ఏ దిక్కూ లేకుండా ఎలా ఉండిపోయారో అర్థం కాదు.

అసలు మంట 1960లో. అప్పుడు ప్రధాని కిషి నొబుసుకె. యుద్ధకాలపు ప్రధాని తోజో క్యాబినెట్‌లో మంత్రి, యుద్ధం తర్వాత యుద్ధ నేరాల అనుమానితుడిగా సుగామో జైల్లో ఉన్నాడు, కేసు నడవకుండానే బయటికొచ్చి 1957కల్లా ప్రధాని అయ్యాడు (షింజో అబేకి తాత ఈయన). భద్రతా ఒప్పందాన్ని మార్చాలనుకున్నాడు, నిజం చెప్పాలంటే కొత్త ఒప్పందం పాతదానికంటే జపాన్‌కి మేలే, పాతదాంట్లో జపాన్‌లో అల్లర్లయితే అమెరికా సైన్యాన్ని దించొచ్చని కూడా ఉండేది, అది తీసేశారు, దాడి జరిగితే అమెరికా కాపాడాలని రాశారు, పదేళ్ళ గడువు పెట్టారు. కానీ జనానికి ఆ మనిషి మీద నమ్మకం లేదు, బేసులుంటే ఇంకో యుద్ధంలోకి లాగుతారన్న భయం పోలేదు. మే 19 రాత్రి పార్లమెంటులో సోషలిస్టు సభ్యులు స్పీకర్‌కి అడ్డంగా బైఠాయిస్తే పోలీసుల్ని లోపలికి పిలిపించి ఒక్కొక్కర్నీ మోసుకెళ్ళి బయటపడేసి, అర్ధరాత్రి దాటాక సొంత పార్టీ వాళ్ళతోనే పాస్ చేయించుకున్నాడు. దాంతో ఒప్పందం సంగతి పక్కకెళ్ళిపోయి ప్రజాస్వామ్యం ఉంటుందా పోతుందా అన్న చోటికి వచ్చింది గొడవ.

మా ఇంటి ఓనర్ గారు అప్పట్లో కాలేజీ అమ్మాయి, ఇప్పుడు ఎనభై దాటాయి. రెంట్ అగ్రిమెంట్ రెన్యువల్‌కి వెళ్ళినప్పుడు టీ ఇచ్చి మాటల్లో ఒకసారి ఈ సంగతి ఎత్తారు, మామూలుగా చాలా నెమ్మదస్తురాలు, ఆ రోజు గొంతు పెంచి మాట్లాడారు. చేతులు చేతులు పట్టుకుని రోడ్డంతా నిండిపోయి పాముల్లా మెలికలు తిరుగుతూ నడిచేవాళ్ళట, ఇంట్లో నాన్నకి చెప్పకుండా వెళ్ళేవారట. జూన్ 15న పార్లమెంటు గేటు దగ్గర పోలీసులకీ విద్యార్థులకీ జరిగిన తోపులాటలో కంబా మిచికొ అనే టోక్యో యూనివర్సిటీ విద్యార్థిని చనిపోయింది, 22 ఏళ్ళు. ఆ పేరు చెప్పి ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "నాకంటే రెండేళ్ళు పెద్ద, అంతే" అన్నారు. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ రావాల్సిన ప్రయాణం రద్దయింది, ఎందుకంటే ఆయనకి రక్షణ ఇస్తామని జపాన్ ప్రభుత్వం చెప్పలేకపోయింది. జూన్ 18 రాత్రి లక్షల మంది పార్లమెంటు చుట్టూ కూర్చున్నారు, అయినా రూల్ ప్రకారం కింది సభ పాస్ చేసిన ముప్పై రోజులకి ఒప్పందం దానంతటదే ఆమోదం పొందిపోయింది. కిషి రాజీనామా చేశాడు. ఒప్పందం మటుకు ఉండిపోయింది, ఇవాళ ఉన్నది అదే.

తర్వాత ప్రధానిగా వచ్చిన ఇకెదా హయాతో తెలివైనవాడు. ఒప్పందం ఊసే ఎత్తకుండా పదేళ్ళలో మీ ఆదాయం రెట్టింపు చేస్తానన్నాడు, దాదాపు ఏడేళ్ళకే అయిపోయింది. 1960 నవంబర్లో ఎన్నికలొస్తే పాలక పార్టీయే గెలిచింది. కోపం చల్లారిందా లేక జేబులోకి జీతం వచ్చేసరికి పక్కకి పెట్టారా అంటే నేను రెండోదే అంటాను. ఎదురు నిలిచే సోషలిస్టు పార్టీకి గొంతుగా ఉన్న అసనుమా ఇనెజిరోని ఎన్నికలకి నెల ముందు సభావేదిక మీదే ఒక పదిహేడేళ్ళ కుర్రాడు పొడిచి చంపేశాడు, అదీ ఒక దెబ్బ.

మాది వైజాగ్ కాబట్టి ఇక్కడొకటి చెప్పకుండా ఉండలేను. అరకు వెళ్ళే కిరండూల్ ప్యాసింజర్ ఎక్కారా ఎప్పుడైనా? సొరంగాలు చూసి కేకలేస్తామే, ఆ కొత్తవలస-కిరండూల్ లైను టూరిస్టుల కోసం వేసింది కాదు. ఆదాయం రెట్టింపు అంటే స్టీలు కావాలి, స్టీలుకి ఇనుప ఖనిజం కావాలి, జపాన్ స్టీలు మిల్లులకి కిరండూల్ దగ్గరి బైలదిల్లా గనుల ఖనిజం అమ్మడానికి 1960లో కుదిరిన ఒప్పందం వల్లే ఆ కొండల్లో లైను పడింది, ఖనిజం మన పోర్టు నుంచి ఓడల్లో ఇటొచ్చింది. అమెరికా కాపలా, ఆసియా ముడిసరుకు, వాళ్ళ కష్టం, ఈ మూడూ కలిస్తేనే మనం మెచ్చుకునే ఆ జపాన్.

పక్క దేశాలతో మాత్రం ఇంత తొందరగా కాలేదు. దక్షిణ కొరియాతో సంబంధాలు కుదిరింది 1965లో, 30 కోట్ల డాలర్లు ఊరికే, 20 కోట్లు అప్పుగా ఇచ్చి, దాని మీద రెండు దేశాల్లోనూ గొడవలే. చైనాతో ఇంకా ఆలస్యం, అమెరికా మాటని బట్టి తైవాన్‌నే గుర్తిస్తూ కూర్చుంటే 1971 జూలైలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ వీళ్ళకి సరిగ్గా చెప్పకుండానే బీజింగ్ వెళ్తున్నానని టీవీలో ప్రకటించాడు, అంత నమ్ముకున్నవాళ్ళకి అది చెంపదెబ్బ. మరుసటేడు సెప్టెంబర్లో ప్రధాని తనకా కకుయెయి పరుగున బీజింగ్ వెళ్ళి సంతకం పెట్టొచ్చాడు. రష్యాతో 1956లో యుద్ధ స్థితి ముగిసింది గానీ నాలుగు దీవుల తగువు తెగక శాంతి ఒప్పందం ఇప్పటికీ లేదు.

ఇన్నిటికీ ఖరీదు ఎక్కువ కట్టింది ఒకినావా వాళ్ళు. 1952 ఏప్రిల్ 28న జపాన్‌కి స్వాతంత్ర్యం వచ్చింది, అదే రోజున ఒకినావాని అమెరికా పాలనకి వదిలేశారు, అక్కడ ఆ తేదీని అవమాన దినం అంటారు. జనం పొలాల్ని తుపాకులు, బుల్డోజర్లు పెట్టి లాక్కుని బేసులు కట్టారు. మా ఆఫీసులో ఒకినావా అతనొకడున్నాడు, వాళ్ళ నాన్న చదువుకోవడానికి టోక్యో వస్తే పాస్‌పోర్టు పట్టుకుని రావాల్సి వచ్చిందట, జేబులో డాలర్లు. 1958లో అక్కడి స్కూలు టీమ్ ఒకటి కోషియెన్ అనే జపాన్ స్కూళ్ళ బేస్‌బాల్ పోటీకొచ్చి ఆనవాయితీగా గ్రౌండు మట్టి మూట కట్టుకుని వెళ్తే, విదేశీ మట్టి అని ఒకినావాలోని నాహా రేవులో పారబోయించారు. 1972 మే 15న ఒకినావా వెనక్కి వచ్చింది, తెచ్చినందుకు, అణ్వాయుధాలు వద్దన్నందుకు ప్రధాని సాతో ఐసాకుకి 1974లో నోబెల్ శాంతి బహుమతి కూడా వచ్చింది. కానీ అవసరమైతే అణ్వాయుధాలు మళ్ళీ ఒకినావాకి తెచ్చుకోవచ్చని 1969లో నిక్సన్‌తో ఆయన రహస్యంగా సంతకం పెట్టిన కాగితం 2009లో ఆయన ఇంట్లోనే బయటపడింది. ఇది చదివిన రోజు నాకు ఒళ్ళు మండిపోయింది.

దేశం విస్తీర్ణంలో ఒకినావా 0.6 శాతం. అమెరికా సైన్యం ఒక్కదానికే కేటాయించిన స్థలంలో దాదాపు 70 శాతం అక్కడే ఉంది. అక్కడ కడెనా అనే అమెరికా ఎయిర్ బేస్ దగ్గర రోడ్డు పక్కన ఒక రెస్ట్ స్టాప్ డాబా ఎక్కితే బేస్ మొత్తం కనిపిస్తుంది, నేను వెళ్ళినప్పుడు విమానం లేచిన ప్రతిసారీ మాట ఆపాల్సి వచ్చింది, కింద స్కూలు పిల్లలు మామూలుగా నడిచి వెళ్తున్నారు. అత్సుగి బేస్‌కి ఆనుకుని ఉన్న మా ఊరు యమాతోలో కూడా 2018 దాకా విమానవాహక నౌక జెట్లతో ఇదే పరిస్థితి, జనం కోర్టుకెళ్ళి నష్టపరిహారం గెలిచారు గానీ విమానాలు ఎగరకుండా ఆపించలేకపోయారు. టోక్యోలో పెరిగిన కుర్ర కొలీగ్స్‌ని అడగండి, బేసుల సంగతి వాళ్ళకి పెద్దగా పట్టదు, అమెరికా అంటే ఇష్టమే. ఒకినావా అతన్ని అడిగితే "కోపం అమెరికా మీద కంటే టోక్యో మీదే ఎక్కువ" అంటాడు. ఒకినావాలోని హెనొకోలో సముద్రం పూడ్చి కొత్త బేస్ కట్టడం మీద 2019 ఫిబ్రవరిలో అక్కడ ఓటింగ్ పెడితే ఓటేసినవాళ్ళలో 70 శాతానికి పైగా వద్దన్నారు, అయినా పని ఆపలేదు.

కొరియా గొడవ మీద రాయాలంటే ఇంకో ఇంత అవుతుంది, ఎవరైనా విడిగా అడగండి, రాస్తాను.