స్టీఫెన్ కింగ్‌ను ఏ వరుసలో చదవాలి? అచ్చయిన వరుసలోనే

"స్టీఫెన్ కింగ్ నవలల్లో మనుషులు ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి వస్తుంటారట కదా, ‘ది డార్క్ టవర్’ మొదలుపెట్టే ముందు ఏవి చదవాలి, కథాకాలం ప్రకారం వరుస ఎవరైనా చెప్పగలరా?" అని ఒకరు అడిగారు. కింగ్ అంటే భయానక నవలలకు పేరుపడ్డ అమెరికన్ రచయిత, ‘ది డార్క్ టవర్’ ఆయన ఏడు సంపుటాల్లో రాసిన పెద్ద కథ. కథాకాలాన్ని పక్కన పెట్టండి. పుస్తకాలు ఏ వరుసలో అచ్చయ్యాయో ఆ వరుసలో చదవండి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

నేను విజయవాడ నుంచి గుంటూరుకు రోజూ రైల్లో ఉద్యోగానికి వెళ్లిన కాలంలోనే కింగ్‌ను ఎక్కువగా చదివాను. పుస్తకాలు చాలావరకు లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల దుకాణాల్లో కొన్నవే. అలా కొన్నవాటిలో 1975 నాటి ‘సేలమ్స్ లాట్’ ఒకటి. రక్తపిశాచి అడుగుపెట్టిన ఒక చిన్న ఊరి కథ అది. అందులో ఫాదర్ కాలహన్ అని ఒక చర్చి గురువు ఉంటాడు. చేతిలో శిలువ ఉన్నా, సరిగ్గా అవసరమైన క్షణంలో ఆయన విశ్వాసం సడలిపోతుంది. పిశాచి ఆయన చేత తన రక్తం తాగిస్తుంది. ఆ తర్వాత ఆయన తన చర్చి తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. చేసేది లేక బస్సెక్కి ఊరు విడిచి వెళ్లిపోతాడు. నవలలో ఆయన సంగతి అంతటితో సరి. పిశాచికన్నా ఆ బస్సే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఎక్కడికి పోయాడు, ఏమైపోయాడు?

ఏళ్లు గడిచాక, ‘ది డార్క్ టవర్’లో ఐదో సంపుటం ‘వుల్వ్స్ ఆఫ్ ది కాలా’ చదువుతున్నాను. 2003లో వచ్చిన పుస్తకం. రైలు కృష్ణ దాటి మంగళగిరి వైపు వెళ్తోంది. కథ మన లోకంలో కాదు, వేరే లోకంలో, సరిహద్దులోని ఒక పల్లెలో జరుగుతోంది. అక్కడ అందరూ పెద్దాయన అని పిలుచుకునే ఒక ముసలి గురువు ఉన్నాడు. నుదుటి మీద శిలువ ఆకారంలో మచ్చ. మొదట్లోనే ఆయన పేరు చెప్పాడు రచయిత. కాలహన్!

నేను గట్టిగానే "అయ్యో" అన్నట్టున్నాను. ఎదురు సీట్లో రోజూ మాతో వచ్చే తెలుగు మాస్టారు పేపరు దించి, "ఏమ్మా, ఏమైంది?" అన్నారు.

"బాగా తెలిసినాయన కనిపించాడండీ, మాస్టారూ" అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. అక్కడ కాదండీ, ఇక్కడ అని పుస్తకం చూపించి మొత్తం కథ చెప్పాను. శిలువ, రక్తం, కాలిన చెయ్యి, బస్సు. పక్కనున్న వాళ్లు కూడా మాటలాపి విన్నారు. మంగళగిరి వచ్చింది, పోయింది. నంబూరు దగ్గర మాస్టారు ఒక ప్రశ్న వేశారు.

"1975లో ఆయన్ని బస్సెక్కించినప్పుడు, ఎక్కడ దిగుతాడో రాసినాయనకు తెలుసంటావా?"

"తెలిసి ఉండదండీ."

"మరి నువ్వు ముందే తెలుసుకుని ఏం చేస్తావమ్మా?"

ఆ తర్వాత ఆయన తన చిన్నప్పటి సంగతి చెప్పారు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి ‘కాశీమజిలీ కథలు’ ఊళ్లో గ్రంథాలయం నుంచి ఒక్కొక్క భాగమే తెచ్చుకుని చదివేవారట. నాలుగో భాగం ఇంకెవరో తీసుకుపోతే, అది తిరిగి వచ్చేదాకా ఐదోది ముట్టుకోలేదట. ఒక మజిలీలో మొదలైన కథ తర్వాతి మజిలీల్లో కూడా సాగుతుంది కదా. నడిచేవాళ్లతో పాటు నడవాలి తప్ప ముందుకు పరుగెత్తకూడదని ఆయన పట్టుదల. నా పట్టుదలా అదే.

ఆ బస్సుకూ ఆ పల్లెకూ మధ్య ఇరవై ఎనిమిదేళ్లు ఉన్నాయి. ఆ ఎడమే ఈ కథకు బలం. వరుస తిప్పి ముందు ఐదో సంపుటం చదివారనుకోండి, కాలహన్ మీకు తన గతం చెప్పుకునే కొత్త ముసలాయన మాత్రమే. ఆ తర్వాత ‘సేలమ్స్ లాట్’ తెరిస్తే, ఆయన బతికి బయటపడతాడని ముందే తెలుసు కాబట్టి భయం చచ్చిపోతుంది. రెండు పుస్తకాలూ పాడవుతాయి.

కింగ్ పుస్తకాలను ఒకదానితో ఒకటి కలిపి చూపిస్తూ ఇంటర్నెట్‌లో తిరిగే పటాలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రంగురంగుల బాణాలతో, ఎవరు ఎక్కడ మళ్లీ కనిపిస్తారో పేర్లతో సహా బయటపెట్టేస్తారు. వెనకటికి అద్దె పుస్తకాల దుకాణాల్లో నవలల చివరి పేజీలు చింపుకుపోయే మహానుభావులు ఉండేవారు. వాళ్ల మీద ఎంత కోపమో ఈ పటాల మీద నాకు అంత కోపం. వాళ్లు ముగింపు ఎత్తుకుపోయారు, వీళ్లు ఆశ్చర్యాన్ని ఎత్తుకుపోతున్నారు. యండమూరి ‘తులసిదళం’ చదివాక ‘తులసి’ చదవాలని మనకు ఎవరైనా పటం గీసి చెప్పారా?

సరే, మీరు అడిగింది ‘డార్క్ టవర్’ గురించి కాబట్టి చెప్తాను. ముందు ‘సేలమ్స్ లాట్’ తప్పనిసరి. ఆ తర్వాత ‘ది స్టాండ్’. 1978లో మొదట వచ్చింది, 1990లో పెంచి మళ్లీ వేశారు. ఏది దొరికినా సరే, నాలుగో సంపుటానికి ముందు పూర్తి చేయండి. మహమ్మారి ఖాళీ చేసిన ఆ లోకంలోకి నాలుగో సంపుటంలో ‘డార్క్ టవర్’ కథలోని మనవాళ్లు అడుగుపెడతారు. అప్పుడు మీ గుండె ఎలా కొట్టుకుంటుందో చూడండి. ఇక మొదటి సంపుటం ‘ది గన్‌స్లింగర్’ 1982లో పుస్తకంగా వచ్చింది. తర్వాతి కథతో అతకడానికి కింగ్ 2003లో దాన్ని దిద్దాడు. ఇప్పుడు కొత్త పుస్తకాల దుకాణాల్లో దొరికేది ఆ దిద్దినదే. పాతది ఎక్కడైనా కనిపిస్తే వదలకండి. ముందున్న కథ గురించి తనకు తెలిసింది చాలా తక్కువని ఆ పాత ముద్రణ చివరి మాటల్లో ఆయనే రాసుకున్నాడు. ఆ తడుములాటలోనే అందం ఉంది.

మూడో సంపుటం 1991లో వచ్చింది. మాట్లాడే ఒక పిచ్చి రైలుతో పొడుపుకథల పోటీ మొదలవబోతుండగా ఆగిపోతుంది. నాలుగోది 1997లో గానీ రాలేదు. ఆరేళ్లు జనం ఆ రైల్లోనే కూర్చున్నారు! మీరు మాత్రం అట్ట మూసిన వెంటనే నాలుగోది తెరవకండి. మధ్యలో 1994 నాటి ‘ఇన్‌సామ్నియా’ చదవండి. భార్య పోయాక నిద్ర పట్టని ఒక ముసలాయన కథ, నిదానంగా నడుస్తుంది. చాలామంది విసుగు అంటారు, ఓపిక లేక అనే మాట అది. అందులో ఒక చిన్నపిల్లవాడు ఉంటాడు, వాణ్ణి గుర్తుపెట్టుకోండి. అలాగే 1999లో వచ్చిన ‘హార్ట్స్ ఇన్ అట్లాంటిస్’లో మొదటి కథ, ఏడో సంపుటానికి ముందు.

అదే 1999లో రోడ్డు మీద నడుస్తున్న కింగ్‌ను ఒక వ్యాను గుద్దింది. ప్రాణం దక్కాక చివరి మూడు సంపుటాలూ 2003, 2004లలో వెంటవెంటనే వచ్చేశాయి. ఆ ప్రమాదం కథలోకి కూడా వస్తుంది. అచ్చయిన వరుసలో వచ్చిన పాఠకుడికి అక్కడ పుస్తకానికీ, రాసిన మనిషి బతుకుకూ మధ్య గోడ కూలిపోతుంది. వేరే దారిలో వస్తే అది ఒక వింత ఘటన మాత్రమే.

2012లో ‘ది విండ్ త్రూ ది కీహోల్’ అని ఇంకొకటి వచ్చింది. కథాకాలం ప్రకారం నాలుగుకూ ఐదుకూ మధ్య జరుగుతుంది. రచయితే దాన్ని నాలుగున్నర అన్నాడు. ఆయన మాట అయినా సరే నేను ఒప్పుకోను. నాలుగో సంపుటం ముగిశాక మీకు కావలసింది కాలహన్. దీన్ని ఏడూ అయిపోయాక చదవండి. అప్పటికి ఆ మనుషులు మీకు దూరమై ఉంటారు, ఒక తుఫాను రాత్రి వాళ్లతో మళ్లీ కూర్చోవడానికి మీకే ఆరాటంగా ఉంటుంది.