పెట్టె తెరవకుండానే శుభం కార్డా?

టీవీ ముచ్చట్లు: పాఠకుల ప్రశ్నలు, హన్మకొండ నుంచి జవాబులు

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే చాలావరకు ఒకటే గొడవ. సాయంత్రం పూట వచ్చే ఒక సీరియల్‌ను ఉన్నట్టుండి ఆపేశారు. సీరియల్ పేరు, చానల్ పేరు రాయను. చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. చూడనివాళ్లకు ఇంత తెలిస్తే చాలు: చనిపోయిన తండ్రి వదిలిపోయిన ట్రంకు పెట్టె తాళంచెవి కోసం కూతురు ఏళ్ల తరబడి వెతుకుతుంది. చివరి ఎపిసోడ్‌లో చెవి దొరికింది. పెట్టె ముందు కూర్చుంది. శుభం.

ప్రశ్న: అక్కా, మేం ఆడోళ్లమంత ఒక్కకాడ కూసొని బీడీలు చుట్టుకుంట ఈ సీరియల్ చూసేటోళ్లం. ముందురోజు దాకా ‘త్వరలో కొత్త మలుపు’ అని ప్రోమో వేసినోళ్లు తెల్లారేసరికి ఎట్ల ఆపుతరు? అందరం కలిసి అడిగితే మళ్లీ మొదలువెడ్తరా? చానల్ ఆఫీసుకు సకినాలు పంపుదామని మావోళ్లు అంటున్నరు. (ఒక చెల్లె, కోరుట్ల)

చెల్లెమ్మా, తెల్లారేసరికి ఆపలేదు. మనకు తెల్లారి తెలిసింది, అంతే. నేను హైదరాబాద్‌లో సీరియళ్లకు మాటలు రాసిన రోజుల్లో చూసింది చెబుతున్నా. నిర్ణయం చానల్‌లో ముందే అయిపోతుంది, యూనిట్‌కు ఆఖర్న తెలుస్తుంది. ‘వచ్చే వారం ముగించేయండి’ అని ఫోన్ వస్తుంది. అప్పటికే కొన్ని ఎపిసోడ్‌లు తీసి ఉంటాయి, ప్రోమోలు కట్ చేసి ఉంటాయి. ఇక రచయిత కూర్చుని ఏడాది కథను రెండు సీన్లలో కుక్కాలి. పగబట్టిన అత్త కాళ్ల మీద పడుతుంది, కోమాలో ఉన్నాయన లేచి కూర్చుంటాడు, జైలుకెళ్లినవాళ్లు సరిగ్గా పూజ టైముకు వచ్చేస్తారు. మీ సీరియల్ రచయిత ఇవేవీ చేయకుండా పెట్టెను మూసే ఉంచాడు. మీరంతా ఆయన్ను తిడుతున్నారు గానీ నాకెందుకో ఆయన మీద గౌరవం పుట్టింది. ఎప్పటికైనా తెరవొచ్చని మిగుల్చుకున్నాడేమో.

ఇంకో మాట. దాన్ని ఏడున్నర నుంచి ఆరింటికి జరిపిన రోజే నాకు అనుమానం వచ్చింది. రాత్రి స్లాట్ నుంచి సాయంత్రానికో మధ్యాహ్నానికో జరిపారంటే ఆ సీరియల్ ఆయుష్షు తగ్గినట్టే. అడగాల్సింది అప్పుడే. ఆపేశాక అడగడం కన్నా ఊగుతున్నప్పుడు అడగడం ఎప్పుడూ తేలిక. నటులింకా ఆ పనిలోనే ఉంటారు, అద్దెకు తీసుకున్న ఇల్లు ఖాళీ చేసి ఉండరు.

ఆపేశాక అడిగినవాళ్లు గెలిచారా అంటే, గెలిచారు. అమెరికాలో ‘జెరికో’ అని ఒక సీరియల్. మొదటి సీజన్ 22 ఎపిసోడ్‌లు అయ్యాక 2007 మేలో సీబీఎస్ చానల్ దాన్ని ఆపేసింది. చివరి ఎపిసోడ్‌లో శత్రువు లొంగిపొమ్మంటే హీరో ‘నట్స్’ అంటాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఒక అమెరికా సేనాపతి జర్మన్లకు పంపిన జవాబు అది, ‘పోవోయ్’ అన్నట్టు. అభిమానులు ఆ మాట పట్టుకుని చానల్ ఆఫీసుకు నిజంగానే పల్లీలు పంపడం మొదలుపెట్టారు. 20 టన్నులకు పైగా చేరాయి. మూడు వారాలు తిరిగేసరికి చానల్ దిగొచ్చి ఇంకో 7 ఎపిసోడ్‌లు తీస్తామంది, దయచేసి పల్లీలు ఆపమని బతిమాలింది.

ఇంతవరకు అందరూ చెప్పుకుంటారు. తర్వాత సంగతి ఎవరూ చెప్పరు. ఆ 7 ఎపిసోడ్‌లు 2008 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చాయి, చూసేవాళ్లు సరిపోలేదు, సీరియల్‌ను మళ్లీ ఆపేశారు. రెండోసారి పల్లీలు పనిచేయలేదు.

అందుకే నా సలహా, సీరియల్ మొత్తం తిరిగి కావాలని అడగొద్దు. పెట్టె తెరిచే ముగింపు అడగండి. పది ఎపిసోడ్‌లు గానీ, ఒక ఆదివారం రెండు గంటల స్పెషల్ గానీ. నెట్‌ఫ్లిక్స్ 2017లో ‘సెన్స్8’ అనే సిరీస్‌ను మధ్యలో ఆపేస్తే దేశదేశాల అభిమానులు గోల చేశారు. మూడో సీజన్ రాలేదు గానీ, 2018 జూన్‌లో రెండున్నర గంటల ముగింపు వచ్చింది. కథ ఎటు పోయిందో అందరికీ తెలిసింది. చానల్ లెక్కల మనిషికి ‘మళ్లీ మొదలుపెట్టండి’ అంటే ఏడాది ఖర్చు కనిపిస్తుంది. ‘ముగించండి’ అంటే కొన్ని రోజుల షూటింగ్ కనిపిస్తుంది, దానికి ఒప్పించొచ్చు.

సకినాల సంగతి. వద్దు. హైదరాబాద్ చేరేసరికి పొడి అయిపోతాయి, గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లు తింటారు. వాళ్లు తింటే నాకేం బాధ లేదు గానీ, అవి ఎందుకొచ్చాయో పైవాళ్లకు తెలియదు. పల్లీలు పనిచేసింది అవి కథలోంచి వచ్చాయి కాబట్టి. మీ కథలో ఉన్నది తాళంచెవి. తాళం ఎప్పుడో పోయి చెవి మిగిలినవి ప్రతి ఇంట్లో డబ్బా అడుగున ఉంటాయి. అందులో ఒకటి కవర్‌లో పెట్టి, ‘పెట్టె తెరవండి’ అని మీ చేత్తో రెండు ముక్కలు రాసి పంపండి. అందరూ ఒకే కాగితం జిరాక్స్ తీయించి సంతకాలు పెట్టొద్దు. అవి ఎన్ని వచ్చినా ఒకరే చేయించారనుకుంటారు. చెవి ఉన్న కవర్ స్పీడ్ పోస్టులో వేయండి, చేరిందో లేదో తెలుస్తుంది. (రిజిస్టర్డ్ పోస్టు విడిగా లేదు, 2025 సెప్టెంబర్ 1 నుంచి స్పీడ్ పోస్టులో కలిపేశారు.) అంత ఖర్చు ఎందుకనుకునేవాళ్లకు పోస్టు కార్డు ఉండనే ఉంది, 50 పైసలు.

రెండో ఉత్తరం మాత్రం చానల్‌కు కాదు. ఆ సీరియల్ మధ్యలో ఏ సబ్బు, ఏ టీపొడి, ఏ చీరల షాపు యాడ్‌లు వచ్చేవో మీకు నోటికి వచ్చే ఉంటాయి. సబ్బు కవర్ మీద వినియోగదారుల చిరునామా అచ్చేసి ఉంటుంది, దానికి రాయండి. చీరల షాపుకైతే ఈసారి వరంగల్ వెళ్లినప్పుడు స్వయంగా చెప్పండి. ‘చక్’ అనే అమెరికా సీరియల్ 2009లో ఆగిపోయేలా ఉన్నప్పుడు, అభిమానులు సీజన్ చివరి ఎపిసోడ్ రోజున దాని స్పాన్సర్ సబ్‌వే దుకాణాలకు పోయి శాండ్‌విచ్‌లు కొన్నారు, ఎందుకు కొన్నారో కౌంటర్‌లో చెప్పి మరీ. సబ్‌వే ఆ సీరియల్‌కు ఇంకా గట్టి స్పాన్సర్‌గా నిలబడింది. అది 2012 దాకా నడిచింది. చానల్‌కు మనం చూసేవాళ్లం మాత్రమే. సబ్బు కంపెనీకి మనం కొనేవాళ్లం, మన మాట అక్కడ బాగా వినపడుతుంది.

ప్రశ్న: సింగరేణి క్వార్టర్లలో ఉంటాం. మా లైనంతా రోజూ ఆ టైముకు అదే చానల్ పెట్టి వదిలేస్తే టీఆర్‌పీ పెరిగి వాళ్లే భయపడరా? (ఒక గృహిణి, గోదావరిఖని)

కరెంటు బిల్లు పెరుగుతుంది, టీఆర్‌పీ పెరగదు. రేటింగ్‌లు ఇచ్చే బార్క్ సంస్థ దేశం మొత్తం మీద 50 వేల పైచిలుకు ఇళ్లలో మీటర్లు పెట్టింది. టీవీ ఉన్న ఇళ్లు 20 కోట్లకు పైనే. ప్రతి చానల్ తన శబ్దంలో మన చెవికి వినపడని ఒక గుర్తు కలుపుతుంది. ఆ మీటర్ దాన్ని పట్టుకుని ఏ చానల్ ఎంతసేపు నడిచిందో లెక్కిస్తుంది. మీటర్ లేని ఇంట్లో మీరు చూసినా, చూస్తూ ఏడ్చినా, ఆ లెక్కలోకి రాదు. శనివారం నుంచి శుక్రవారం దాకా ఒక వారం, ఆ తర్వాతి గురువారం అంకెలు వస్తాయి. సీరియల్ ఆఫీసుల్లో గురువారం నాడు ఉండే టెన్షన్ పరీక్ష ఫలితాల రోజు కూడా ఉండదు.

మీటర్లున్న ఇళ్లు ఎవరివో రహస్యం. కనుక్కోవాలని చూడొద్దు, ఆ పని చేసినవాళ్ల మీద పోలీసు కేసులయ్యాయి. రేపు తీరిగ్గా ఫోన్‌లో యాప్‌లో చూసేవాళ్లు కూడా ఈ టీవీ లెక్కలోకి రారు. ఆ చూపులు యాప్‌వాళ్ల ఖాతాలో పడతాయి. అలాగని అవి దండగ కాదు. మీ పిల్లల చేత పాత ఎపిసోడ్‌లు యాప్‌లో పెట్టించుకుని మొదటి నుంచి చూడండి. ముగింపు తీయాలా వద్దా అనే మాట వచ్చినప్పుడు ఆ అంకె కూడా బల్ల మీద ఉంటుంది.

ప్రశ్న: ఈ ఉద్యమాలన్నీ అమెరికావేనా? మన దేశంలో ప్రేక్షకులు ఎప్పుడైనా సీరియల్ కోసం పట్టుబట్టి సాధించారా? (విశ్రాంత ఉపాధ్యాయులు, కరీంనగర్)

సాధించారు సార్, అదీ మామూలుగా కాదు. దూరదర్శన్‌లో రామాయణం 1987 జనవరిలో మొదలై 1988 జూలై చివర పట్టాభిషేకంతో ముగిసింది. లవకుశుల కథ లేదు. వాల్మీకిని తమ కులగురువుగా కొలిచే జలంధర్ పారిశుద్ధ్య కార్మికులు, వాల్మీకి ఆశ్రమం కథ చూపించకుండా ఎలా ఆపుతారని సమ్మెకు దిగారు. సమ్మె ఉత్తరాదిలో ఇంకొన్ని ఊళ్లకు పాకింది. వీధుల్లో చెత్త పేరుకుపోతుంటే కేంద్రం దిగొచ్చి ఉత్తర రామాయణం తీయించింది. పల్లీలకు దాదాపు ఇరవై ఏళ్ల ముందు మాట ఇది. కాకపోతే అప్పుడు ఉన్నది ఒక్క దూరదర్శన్, దాని మీద ఒక్క ప్రభుత్వం. ఎవరిని అడగాలో అందరికీ తెలుసు.

తర్వాత స్టార్ ప్లస్‌లో ‘క్యోంకి సాస్ భీ కభీ బహూ థీ’లో హీరో మిహిర్ పాత్రను చంపేస్తే జనం ఊరుకోలేదు, అతన్ని బతికించి తెచ్చారు. చచ్చినవాళ్లు తిరిగొచ్చే అలవాటు మన సీరియళ్లకు అప్పుడే బాగా అంటుకుందని నా అనుమానం. రామాయణం కార్మికులను మాత్రం నేను దీంతో కలపను. వాళ్లు అడిగింది పాత్రను కాదు, తమ చోటును.

ప్రశ్న: సీరియల్ కాదు మేడమ్, నాకు నచ్చిన ఒక తెలుగు వెబ్ సిరీస్ మొదటి సీజన్‌తోనే ఆగిపోయింది. హాస్టల్ ఫ్రెండ్స్ అందరం హ్యాష్‌ట్యాగ్ ట్రెండ్ చేద్దామనుకుంటున్నాం. ‘బ్రూక్లిన్ నైన్-నైన్’ అట్లనే తిరిగొచ్చింది కదా? (కాకతీయ యూనివర్సిటీ విద్యార్థి)

తమ్ముడూ, ఆ పోలీసు కామెడీని అమెరికాలో ఫాక్స్ చానల్ 2018 మే 10న ఆపింది, మర్నాడే ఎన్‌బీసీ అనే ఇంకో చానల్ తీసుకుంది. ట్వీట్లు హోరెత్తిన మాట నిజమే. కానీ ఆ సిరీస్‌ను తీసేది యూనివర్సల్ టెలివిజన్, అది ఎన్‌బీసీ సొంత గూటి కంపెనీ. పక్కింట్లో పెరుగుతున్న తమ పిల్లను తెచ్చుకున్నారు, అంతే. కాబట్టి ట్రెండ్ చేసే ముందు మీ సిరీస్ హక్కులు ఎవరి దగ్గర ఉన్నాయో చూడు. నిర్మాత దగ్గరే ఉంటే ఇంకో ఓటీటీకి తీసుకుపోవచ్చు. మొత్తం ఓటీటీకే రాసిచ్చేసి ఉంటే మీరు ఎంత అరిచినా వినాల్సింది వాళ్లొక్కరే.

ఒక్క రోజు ట్రెండ్ కన్నా ఏళ్ల తరబడి చూస్తూ ఉండటం మన తెలుగులో ఎక్కువ పనిచేసింది. ‘అమృతం’ జెమినీ టీవీలో 2001 నుంచి 2007 దాకా 313 ఎపిసోడ్‌లు వచ్చి ఆగింది. తర్వాత యూట్యూబ్‌లో జనం వదలకుండా చూస్తూనే ఉన్నారు. 2020 ఉగాదికి జీ5లో ‘అమృతం ద్వితీయం’ వచ్చింది. పాతదంత బాగుందా అని నన్ను అడగొద్దు.

ప్రశ్న: ఊళ్లో చందాలు వసూలు చేసి నిర్మాతకు ఇస్తే? లేదంటే వినియోగదారుల ఫోరంలో కేసు? (ఒక పాఠకుడు, నర్సంపేట)

కేసు నిలవదు. మీరు కట్టేది చానల్ ప్యాకేజీకి, ఫలానా సీరియల్‌కు కాదు. చందాలు ఇప్పుడే మొదలుపెట్టొద్దు. ‘వెరోనికా మార్స్’ అనే అమెరికా సీరియల్ అభిమానులు 2013లో 57 లక్షల డాలర్లు పోగేసి సినిమా తీయించుకున్నారు నిజమే. అయితే హక్కులున్న వార్నర్ బ్రదర్స్ ముందు ఒప్పుకుంది, దర్శకుడు, హీరోయిన్ సిద్ధంగా ఉన్నారు, ఆ తర్వాతే డబ్బు అడిగారు. ఇక్కడ అవేవీ తేలకుండా డబ్బు చేతిలోకి వస్తే, రేపు పెట్టె సంగతి పక్కకు పోయి చందా లెక్కల మీద ఊరు రెండవుతుంది.

ప్రశ్న: ఆ హీరోయిన్ అప్పుడే వేరే చానల్‌లో కొత్త సీరియల్ ఒప్పుకుందట. ఇక మా ఉత్తరాలు ఎందుకు? (సుబేదారి, హన్మకొండ)

ఆమెకూ ఇల్లు గడవాలి కదమ్మా. కొత్త చానల్‌తో అగ్రిమెంట్ ఎలా ఉందో బట్టి నాలుగు రోజుల డేట్లు దొరకొచ్చు, దొరకకపోవచ్చు. దొరక్కపోతే ‘ఈ పాత్రలో ఇకనుంచి’ అని కొత్త ముఖాన్ని దింపుతారు. మనవాళ్లకు అది కొత్తేం కాదు. మీరు ఉత్తరం రాసేముందు మీలో మీరు ఒకటి తేల్చుకోండి: పెట్టె ఎవరు తెరిచినా పర్వాలేదా, ఆమే తెరవాలా? ఆమే కావాలంటే ఆ సంగతి మొదటి వాక్యంలోనే రాసేయండి, ఏడాదైనా ఆగుతామని కూడా రాయండి. రెండు మాటలూ ఒకే కవర్‌లో పెడితే వాళ్లు తమకు చవకగా అయ్యేదే ఏరుకుంటారు.