సొరియాటిక్ ఆర్థ్రైటిస్‌కు బయోలాజిక్ ఇంజెక్షన్లు: చర్మాన్ని మాత్రమే చూసి వాయిదా వేయకండి

ఏళ్ల తరబడి సొరియాసిస్ ఉన్న మీకు ఇప్పుడు చేతివేళ్లు వాచి, పొద్దున లేవగానే కీళ్లు పట్టేస్తున్నాయని, డాక్టరు గారు బయోలాజిక్ ఇంజెక్షన్లు (జీవకణాల సాయంతో తయారుచేసే మందులు) మొదలుపెడదామన్నారని రాశారు. చర్మం మీద మచ్చలు కొద్దిగానే ఉన్నాయి కాబట్టి ఇంకొంతకాలం ఆగవచ్చా అని, మొదలుపెడితే రోగనిరోధక శక్తి పూర్తిగా పోతుందా, జీవితాంతం వాడాలా అని అడిగారు. సొరియాసిస్, దానితో పాటు కీళ్లు వాచే సొరియాటిక్ ఆర్థ్రైటిస్, ఈ రెండు జబ్బులతోనూ చాలాకాలంగా ఉంటూ, ఇవే ఇంజెక్షన్లు వాడుతున్న మనిషిగా నాకు తెలిసినది చెబుతాను. మీకు ఏ మందు సరిపోతుందో తేల్చవలసింది మాత్రం మిమ్మల్ని పరీక్షించిన వైద్యులే.

చర్మం మీద ఎంత ఉంటే కీళ్లలో అంతే ఉంటుందనే లెక్క ఈ జబ్బులో కుదరదు. నాకు మోచేతుల మీద, తలలో తప్ప పొలుసులు పెద్దగా ఉండేవి కావు. కానీ గోళ్ల మీద సూదితో పొడిచినట్లు చిన్న చిన్న గుంటలు ఉండేవి. ఆ తరువాత కుడిచేతి మధ్యవేలు ఒక్క కణుపు దగ్గరే కాకుండా మొదలు నుంచి చివరి దాకా ఉబ్బిపోయింది, చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా కష్టమైంది. తలలోని సొరియాసిస్, గోళ్ల మార్పులు, వేలంతా వాయడం, మడమ వెనుక స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) ఎముకకు అతుక్కునే చోట నొప్పి, ఉదయం అరగంటకు మించి కీళ్లు బిగుసుకుపోయి ఉండటం, ఇవన్నీ వైద్యులు ప్రత్యేకంగా చూసే గుర్తులు. ఈ జబ్బులో ఆర్‌ఏ ఫ్యాక్టర్ (కీళ్లవాతానికి చేసే రక్తపరీక్ష) సాధారణంగా నెగెటివ్‌గానే వస్తుంది, ఒంట్లో వాపును చూపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ పరీక్షలు కూడా చాలామందిలో మామూలుగా ఉంటాయి. అందువల్ల రక్తపరీక్షలు బాగున్నాయన్న ఒక్క కారణంతో నిశ్చింతగా ఉండకండి.

ఆగడం గురించి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. చర్మం మీది మచ్చ ఎంత పెద్దదైనా మందు పనిచేస్తే సాధారణంగా గుంట పడకుండా మానిపోతుంది, కీలులో ఒకసారి అరిగిన ఎముక మాత్రం తిరిగి రాదు. లక్షణాలు మొదలైన తరువాత రుమటాలజిస్ట్ (కీళ్లజబ్బుల నిపుణుడు) దగ్గరకు వెళ్లడంలో 6 నెలలు ఆలస్యమైనా ఎముకల అరుగుదల, పనిచేసే సామర్థ్యం తగ్గడం ఎక్కువగా కనిపించాయని పరిశోధనల్లో తేలింది. నొప్పి మాత్రలు బాధను తగ్గిస్తాయి కానీ ఆ అరుగుదలను ఆపుతాయని నమ్మడానికి ఆధారం లేదు. కాబట్టి ఈ నిర్ణయానికి మీ వేళ్లనే కొలమానంగా తీసుకోండి.

రోగనిరోధక శక్తి విషయానికి వస్తే, ఈ మందులు దాన్ని మొత్తంగా అణచివేయవు, వాపును రగిలించే ఒకటి రెండు సంకేతాలను మాత్రమే అడ్డుకుంటాయి. అడాలిముమాబ్, ఎటానర్‌సెప్ట్ వంటివి టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్‌ను, సెకుకినుమాబ్, ఇక్సెకిజుమాబ్ ఇంటర్‌ల్యూకిన్-17ను, గుసెల్కుమాబ్, రిసాంకిజుమాబ్ ఇంటర్‌ల్యూకిన్-23ను పట్టి ఉంచుతాయి; ఇవన్నీ వాపును రగిలించే సంకేత ప్రోటీన్లే. వీటిలో ఏది మీకు తగినదో మిగతా ఆరోగ్యాన్ని బట్టి మారుతుంది. పేగుల్లో క్రోన్స్ వంటి జబ్బు ఉంటే ఇంటర్‌ల్యూకిన్-17 మందులకు దూరంగా ఉంటారు, తీవ్రమైన గుండె వైఫల్యం గాని మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాము నరాలను దెబ్బతీసే జబ్బు) గాని ఉంటే టీఎన్‌ఎఫ్ మందులను ఇవ్వరు. నడుము బిగుసుకుపోవడం, కన్ను ఎర్రబడి నొప్పి పుట్టడం, తరచూ విరేచనాలు కావడం వంటివి ఎప్పుడైనా ఉండి ఉంటే, వాటికీ కీళ్లకూ సంబంధం లేదనుకుని దాచకుండా డాక్టరు గారికి చెప్పండి.

మొదటి ఇంజెక్షన్‌కు ముందు చేసే పరీక్షల్లో క్షయ పరీక్ష చాలా ముఖ్యమైనది. శరీరంలో నిద్రాణంగా ఉన్న క్షయ, ముఖ్యంగా టీఎన్‌ఎఫ్ మందులతో, మళ్లీ తలెత్తే ప్రమాదం ఉంది. అందుకే ఛాతీ ఎక్స్‌రేతో పాటు మాంటూ (చర్మం మీద చేసేది) లేదా ఇగ్రా (రక్తంతో చేసేది) పరీక్ష చేస్తారు. నిద్రాణమైన క్షయ బయటపడితే భయపడవలసిన పని లేదు, సాధారణంగా నెల రోజులైనా దానికి మందులు వాడిన తరువాత బయోలాజిక్ మొదలుపెడతారు. హెపటైటిస్ బి, సి పరీక్షలు కూడా తప్పించుకోకండి. వేయించుకోవలసిన టీకాలు ఉంటే ముందే పూర్తి చేసుకోవడం మంచిది, ఎందుకంటే చికిత్సలో ఉండగా బతికున్న సూక్ష్మజీవులతో తయారైన టీకాలు వేయించుకోకూడదు.

ఇంజెక్షన్ వేసుకోవడం మీరు ఊహిస్తున్నంత కష్టం కాదు. మందు నింపి వచ్చే ఇంజెక్షన్ పెన్నులను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య, గడ్డకట్టనివ్వకుండా ఫ్రిజ్‌లో ఉంచాలి. నేను అరగంట ముందే బయటకు తీసి పెడతాను, చల్లగా ఉండగానే వేసుకుంటే మంట ఎక్కువ. తొడ మీద గాని, బొడ్డుకు కనీసం 5 సెంటీమీటర్ల దూరంలో పొట్ట మీద గాని, పొలుసులు లేని చోట, ప్రతిసారీ చోటు మారుస్తూ వేసుకోవాలి. నా పెన్నులో మొదటి చప్పుడుకు మందు లోపలికి వెళ్లడం మొదలవుతుందే తప్ప పూర్తి కాదు, చిన్న గడిలో రంగు నిండేవరకు కదలకుండా అదిమి పట్టుకుంటాను.

నాకు చర్మం కొన్ని వారాల్లోనే తేరుకుంది, వేళ్లు అంతకంటే నెమ్మదిగా, నెలల మీద కుదుటపడ్డాయి. మందు పనిచేస్తోందో లేదో సాధారణంగా 12 నుంచి 16 వారాల తరువాత అంచనా వేస్తారు కాబట్టి, మొదటి నెలలోనే నిరాశపడకండి. జ్వరం గాని, కఫంతో దగ్గు గాని, మూత్రంలో మంట గాని ఉంటే తరువాతి డోసు వేసుకోకముందే డాక్టరు గారిని అడగండి. ఆపరేషన్ ఏదైనా చేయించుకోవలసి వచ్చినా ముందే చెప్పండి. కీళ్ల వాపుకు ఇచ్చే మరో మందు మెథోట్రెక్సేట్ కూడా రాసి ఉంటే అది వారానికి ఒక్కరోజే వేసుకోవలసిన మందు అని ఇంట్లో వాళ్లందరికీ తెలియాలి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం.

జీవితాంతం వాడాలా అన్న ప్రశ్నకు ముందుగానే ఒక జవాబు ఉండదు. జబ్బు చాలాకాలం అదుపులో ఉన్నవారికి వైద్యులు డోసుల మధ్య వ్యవధి పెంచి చూడవచ్చు, కానీ పూర్తిగా ఆపినప్పుడు చాలామందిలో అది తిరగబెడుతుంది. ఒక మందు కొన్నేళ్లకు పట్టు తప్పితే మరో రకానికి మారే వీలుంది. బరువు ఎక్కువగా ఉంటే తగ్గించుకోవడం, పొగతాగే అలవాటు ఉంటే మానేయడం మందు మరింత బాగా పనిచేయడానికి తోడ్పడతాయి.

డాక్టరు గారిని మళ్లీ కలిసేలోగా ఒక పని చేయండి. వేళ్లు బాగా వాచిన రోజు రెండు చేతులనూ వెలుతురులో పక్కపక్కన పెట్టి ఫోటో తీసుకోండి, ఉదయం బిగుతు ఎంతసేపటికి సడలిందో అదే రోజు రాసి పెట్టుకోండి. ఈ వాపు వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి, మీరు వెళ్లిన రోజున వేళ్లు మామూలుగా ఉన్నా డాక్టరు గారు ఆ ఫోటోలను చూసి నిర్ణయం తీసుకోగలుగుతారు.